ఫ్రెంచి రచయిత్రులు మగ పేర్లతో రాయడానికి పత్రికలే కారణమా?

అడయారు పాఠకురాలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం కొందరం నెలకొకసారి కలుసుకొని, ఒక విదేశీ రచయితను గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. వచ్చే నెల వంతు నాది. జార్జ్ సాండ్‌ను ఎంచుకున్నాను. ఆమె అసలు పేరు ఒరోర్ దూపాన్ అని, 1804లో పుట్టి 1876లో చనిపోయిందని, మగ పేరుతో రాసి, మగవాళ్ళ దుస్తుల్లో పారిస్ వీధుల్లో తిరిగిందని మా బృందంలో అందరికీ తెలుసు. ఎందుకు అలా చేసిందని అడిగితే మాత్రం, "ఆ రోజుల్లో ఆడవాళ్ళు రాస్తే ఎవరూ అచ్చు వేసేవారు కాదు, అందుకని" అంటూ ఒక్క మాటలో తేల్చేస్తారు.

నాకు ఈ సమాధానం మీద గట్టి అనుమానమే ఉంది. ఆమె ఒంటరిగా రాసిన తొలి నవల 'ఇందియానా' 1832లో వచ్చింది. రచయిత స్త్రీ అన్న సంగతి పారిస్ సాహిత్య లోకానికి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. తెలిసిన తరవాత కూడా పత్రికలు ఆమె నవలల కోసం ఎదురుచూశాయి. అదే కాలంలో మార్సెలీన్ దెబోర్ద్ వాల్మోర్ సొంత పేరుతోనే కవితా సంపుటాలు ప్రచురించింది. పేరు దాచినా దాగనప్పుడు, దాచకపోయినా అచ్చు ఆగనప్పుడు, ఆ మగ పేరు ఎవరి కోసం? పత్రికలవాళ్ళు అడిగారా, చట్టం అడిగిందా, ఇంట్లోవాళ్ళు అడిగారా? పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పత్రికలకూ రచయిత్రులకూ ఉన్న సంబంధం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా? నాకు ఫ్రెంచి చదవడం కొద్దికొద్దిగా వచ్చు, వేగంగా చదవలేను.

నుంగంబాక్కం మాస్టారు

మీరు అడిగిన మూడింటిలో, సాండ్ విషయం వరకు, మొదట అడిగినది ఇల్లు. ఇది ఆమె తన ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్న మాట. ఆ ఆత్మకథ 1854, 55 సంవత్సరాల్లో 'లా ప్రెస్' అనే దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1831లో ఆమె భర్తను పల్లెలో వదిలి పారిస్ చేరి, రాసి బతకాలని నిశ్చయించుకున్నప్పుడు, అత్తగారైన బారనెస్ దూదెవాన్ ఆమెను పిలిచి, పుస్తకాలు రాస్తావట నిజమేనా అని అడిగి, అచ్చు పుస్తకాల అట్టల మీద మా ఇంటిపేరు మాత్రం వేయవు కదా అని మాట తీసుకుంది. ఆవిడకు కోడలు ఏం రాస్తుందన్నది పట్టలేదు. పరువు పోతుందేమోనన్నదే బెంగ. మన ఇళ్ళలో ఈ సంభాషణ ఎవరి నోట ఎలా వస్తుందో ఊహించుకోవడం మనకేమీ కష్టం కాదు.

ఇంటిపేరు వద్దన్నాక ఏదో ఒక పేరు కావాలి. ఆ పేరును తేల్చినది అంగడి. జూల్ సాందో అనే యువకుడితో కలిసి ఆమె రాసిన 'రోజ్ ఎ బ్లాంష్' 1831లో 'జ. సాండ్' అన్న సంతకంతో వచ్చింది. 'ఇందియానా'ను ఆమె ఒక్కతే రాసింది. ప్రచురణకర్తకు పాఠకులు ఎరిగిన పాత పేరే కావాలి. తాను ఒక్క అక్షరం రాయని పుస్తకం మీద తన పేరు ఉండడానికి సాందో ఒప్పుకోలేదు. ఆమెకు పెద్దదిక్కుగా ఉన్న ఆన్రి ద లతూష్ మధ్యవర్తిగా కూర్చుని, సాండ్ అన్నది అలాగే ఉంచి, ముందున్న పేరు మార్చుకొమ్మని తీర్పు చెప్పాడు. అంటే ఈ మగ పేరు స్త్రీని దాచడానికి పన్నిన పెద్ద పన్నాగమేమీ కాదు. అత్తగారి ఆంక్షకూ ప్రచురణకర్త లెక్కలకూ మధ్య కుదిరిన రాజీ.

ఆ లతూష్‌యే అప్పట్లో 'ల ఫిగారో' నడుపుతున్నాడు. సాండ్ పత్రికా రచనలో ఓనమాలు దిద్దినది అక్కడే. ఆయన తన ఇంట్లో, నిప్పుగూటి దగ్గర, కుర్ర రచయితలందరికీ తలా ఒక చిన్న బల్ల వేయించి, విషయం చెప్పి, అది ఎంత జాగాలో ఇమడాలో అంత కాగితం ముక్క కోసి చేతికిచ్చేవాడట. మిగిలినవాళ్ళు చకచకా నింపి ఇచ్చేస్తుంటే, ఆమె పది పేజీలు రాసి, అసలు విషయానికే రాక, వాటిని నిప్పులో పడేసేది. నెల తిరిగేసరికి తన వాటాకు పన్నెండో పదిహేనో ఫ్రాంకులు వచ్చేవని ఆమె నవ్వుతూ రాసుకుంది. నిడివికి కట్టుబడి రాయడం ఆమెకు అక్కడ అలవడలేదని నేననుకుంటాను. తరవాత రాసిన నవలల పొడవు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక చట్టం. 1804 నాటి పౌరస్మృతి 217వ అధికరణం ప్రకారం పెళ్ళైన స్త్రీ భర్త సమ్మతి లేనిదే ఆస్తి ఇవ్వడానికి గాని, అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని, సంపాదించడానికి గాని వీల్లేదు. ప్రచురణ ఒప్పందం కూడా ఒప్పందమే కదా. సాండ్ 1836లో న్యాయస్థానం ద్వారా భర్త నుంచి విడిగా ఉండే హక్కు సంపాదించేవరకు ఈ నీడ ఆమె మీద ఉంటూనే వచ్చింది. మారీ దగూ సంగతి కూడా చూడండి. ఆమె కౌంటెస్. 1841 చివర 'లా ప్రెస్'కు వ్యాసం ఇస్తే, కింద సంతకం చేయమని యజమాని ఎమిల్ ద జిరార్దాన్ కోరాడు. ఆ పేరు తన ఒక్కదానిది కాదు కాబట్టి వాడుకునే అధికారం తనకు లేదని ఆమె భావించి, అప్పటికప్పుడు 'దానియెల్ స్టెర్న్' అన్న పేరు కల్పించుకుంది. 1848 విప్లవ చరిత్రను ఆ పేరుతోనే రాసింది. పత్రిక ఆమెను మగ పేరు పెట్టుకొమ్మనలేదు. ఎవరో ఒకరి పేరు పెట్టమంది, అంతే.

కుట్టుపని

మాస్టారు చెప్పినవన్నీ నిజమే కాని, అవన్నీ భూములూ బిరుదులూ ఉన్న ఇళ్ళ కథలు. కాపాడుకోవలసిన ఇంటిపేరు ఉన్నవాళ్ళకే ఈ చిక్కు. అదే 1832 ఆగస్టులో, అదే పారిస్‌లో, చేతిపనితో పొట్టపోసుకునే కొందరు అమ్మాయిలు ఇంటిపేరే అక్కర్లేదని తీసి పక్కన పెట్టిన సంగతి మీ ప్రసంగంలో రాకపోతే బొమ్మ సగమే అవుతుంది.

ఆ పత్రిక పేరు 'లా ఫామ్ లీబ్ర్'. సమాజాన్ని కొత్తగా నిర్మించాలన్న సోషలిస్టు ఆలోచనాపరుడు సేన్ సిమోన్ అనుయాయుల బృందంలో ఉండి, అక్కడి పెద్దలు స్త్రీ విముక్తి గురించి గొప్పగా ఉపన్యసిస్తూనే నిర్ణయాల్లో స్త్రీలకు చోటివ్వకపోవడం చూసి విసిగిన దెజిరే వెరే, మారీ రెన్ గేన్‌దోర్ఫ్ అనే ఇద్దరు దానిని మొదలుపెట్టారు. ఇద్దరూ ఇరవై దాటిన కొత్త వయసువాళ్ళు. దెజిరే బట్టలు కుట్టేది. స్త్రీలు రాసినవి మాత్రమే వేస్తామన్నది వాళ్ళ నియమం. సంతకాలు 'జాన్ దెజిరే', 'మారీ రెన్', 'సుజాన్' అని మొదటి పేర్లతోనే ఉండేవి. తండ్రి పేరు గాని, భర్త పేరు గాని తగిలించుకోకపోవడం వాళ్ళకు పట్టుదలతో కూడిన రాజకీయ నిర్ణయం. పత్రిక పేరు కూడా స్థిరంగా నిలవలేదు. చివరికి 'ట్రిబ్యూన్ దె ఫామ్' అయింది. సంపాదకత్వం చేపట్టిన సుజాన్ వ్వాల్కాన్ 1834లో ఈజిప్టుకు వెళ్ళిపోవడంతో ఆగిపోయింది. ఏజన్సీలూ పెట్టుబడీ లేకుండా రెండేళ్ళు నడిచిందంటే నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

అసలు అడ్డు పేరులో లేదు, సొమ్ములో ఉంది. రాజకీయాలు రాసే పత్రిక పెట్టాలంటే ప్రభుత్వం దగ్గర ముందుగా పూచీ సొమ్ము కట్టాలి. 1835 సెప్టెంబరు చట్టాలతో పారిస్ దినపత్రికలకు అది లక్ష ఫ్రాంకులైంది. భర్త సంతకం లేనిదే సొంత సొమ్ము ముట్టుకోలేని స్త్రీ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే 1848 ఫిబ్రవరి విప్లవం తరవాత ఆ నిబంధన సడలగానే, మార్చి 20న యూజెనీ నిబ్వాయే సంపాదకత్వంలో 'లా వ్వా దె ఫామ్' దినపత్రికగా వెలువడింది. జూన్‌లో ఆగిపోయింది. జూలైలో స్త్రీలు రాజకీయ సంఘాల్లో చేరకూడదని శాసనం వచ్చింది. ఆగస్టులో పూచీ సొమ్ము తిరిగి వచ్చింది. ఆ బృందంలోని జాన్ దెర్వేన్ 1849లో 'లోపినియోన్ దె ఫామ్' నడిపి, ఓటు హక్కే లేని తాను శాసనసభకు అభ్యర్థిగా కూడా నిలబడింది. పూచీ కట్టలేక పత్రిక మూతపడింది. ఆ తరవాత జైలు, లండన్ ప్రవాసం.

ఇక్కడ సాండ్ మీద నాకు కొంచెం కోపం ఉంది. 1848 ఏప్రిల్‌లో ఈ నిబ్వాయే పత్రిక ఆమె పేరును శాసనసభ అభ్యర్థిత్వానికి ప్రతిపాదించింది. సాండ్ మరొక పత్రికకు ఉత్తరం రాస్తూ, ఆ స్త్రీలలో ఒక్కరితోనైనా తనకు పరిచయం లేదనీ, తన పేరును వాళ్ళు వాడుకోవడం తనకు సమ్మతం కాదనీ తెగేసి చెప్పింది. స్త్రీలకు ముందు వివాహంలో సమానత్వం రావాలి, ఓటు తరవాత అన్నది ఆమె వాదం. వాదం సంగతి ఎలా ఉన్నా, ఆ చెప్పిన తీరు మాత్రం పెద్దింటి తీరే. మీ సభలో సాండ్‌ను ఆకాశానికెత్తే ముందు ఈ ఉత్తరం కూడా ప్రస్తావించమని మనవి.

అడయారు పాఠకురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నాకు ఇంకొక సందేహం వచ్చింది. పత్రిక పెట్టడానికి ఇన్ని అడ్డంకులు ఉన్నప్పుడు, మగవాళ్ళ చేతిలో ఉన్న పెద్ద పత్రికలు స్త్రీల రచనలు ఎందుకు కోరుకున్నాయి? ఔదార్యమా, వ్యాపారమా?

నుంగంబాక్కం మాస్టారు

వ్యాపారమే. ఔదార్యం వెతికితే ఎక్కడైనా కాస్త దొరకవచ్చు గాని, దాని మీద ఆధారపడి ఏ పత్రికా నడవలేదు.

ఎమిల్ ద జిరార్దాన్ 1836 జూలై 1న 'లా ప్రెస్' మొదలుపెట్టినప్పుడు, అప్పటి దినపత్రికల చందా ఏడాదికి 80 ఫ్రాంకులు ఉంటే తాను 40 ఫ్రాంకులకే ఇచ్చాడు. మిగిలిన సగం ప్రకటనల మీద రాబట్టాలన్నది ఎత్తు. ప్రకటనలు రావాలంటే చందాదారులు వేలల్లో ఉండాలి. అంతమంది ఉండాలంటే ఇంట్లో మగవాడు ఒక్కడే కాక ఆడవాళ్ళూ పత్రిక చేతిలోకి తీసుకోవాలి. పార్లమెంటు ప్రసంగాలతో అది జరగదు. అందుకని పేజీ అడుగున అడ్డగీత గీసి, దాని కింద నవలలూ నాటక సమీక్షలూ ఊరి కబుర్లూ వేశారు. ఆ గీత కింది జాగాలోనే రచయిత్రులకు చోటు దొరికింది. జిరార్దాన్ భార్య దెల్ఫీన్ అదే ఏడాది నుంచి 1848 వరకు 'వికోంత్ ద లోనే' అన్న మగ పేరుతో పారిస్ కబుర్ల శీర్షిక నడిపింది. రాసేది యజమాని భార్యేనని ఎరగనివారు లేరు. అయినా ఆ వికోంత్ అనే వేషం ఆమెకు పనికివచ్చింది. మంత్రులనూ అకాడమీ సభ్యులనూ ఒక పెద్దమనిషి గొంతుతో, విందులో కూర్చుని ఎగతాళి చేసినట్టుగా రాయగలిగింది. కోపమూ ఉపన్యాసమూ లేని ఆ చురుకుదనం నాకు సాండ్ వచనం కన్నా ఎక్కువ ఇష్టం, ఎవరేమనుకున్నా సరే.

మన చెన్నైలో ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. అమృతాంజనం డబ్బు వెనక ఉండబట్టే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికనూ భారతినీ ఈ ఊళ్ళో నిలబెట్టగలిగారు. లోధ్ర మందు అమ్మిన కేసరిగారు 1928లో గృహలక్ష్మి పెట్టి, తెలుగు రచయిత్రులకు ప్రత్యేకంగా ఒక వేదిక ఇచ్చారు. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ మందుసీసాల ప్రసక్తి కొంచెం మొహమాటంగా తెస్తారు గాని, అక్కడా ఇక్కడా జరిగినది ఒకటే.

గీత కింద ఉండడం అంటే ఏమిటో సాండ్ ఒకచోట చక్కగా చెప్పింది. 'ఫ్రాన్స్వా ల షాంపీ' అనే ఆమె నవల 'జుర్నాల్ దె దెబా'లో 1847 డిసెంబరు 31 నుంచి సీరియల్‌గా వస్తోంది. కథ ముగింపుకు చేరుతున్న సమయానికి, అదే పత్రికలో గీత పైన, ప్రధాన వ్యాసం ఉండే చోట, అంతకన్నా గంభీరమైన మరొక కథ ముగింపుకు వచ్చిందనీ, అది జూలై రాచరికపు (1830 జూలై విప్లవంతో వచ్చిన రాజు పాలన) పతనమనీ, దానితో సహజంగానే తన కథ ముగింపుకు అడ్డు తగిలిందనీ ఆమె పుస్తక పీఠికలో రాసింది. మిగిలిన భాగం మార్చిలో వచ్చింది. అనాథ కుర్రవాడి కథ గీత కింద, రాజు పలాయనం గీత పైన. పత్రికల్లో నవల ఎంత పలుకుబడి సంపాదించినా, దాని హోదా ఎక్కడిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సంపాదకుల పట్టు గురించి కూడా చెప్పాలి. 'రెవ్యూ దె దూ మోంద్'ను 1831 నుంచి నడిపిన ఫ్రాన్స్వా బ్యూలోజ్, సాండ్‌ను చాలాకాలం తన పత్రికకు కట్టిపడేసుకున్నాడు. కాని 1841లో ఆమె 'ఒరాస్' నవల రాసి ఇస్తే, అందులోని సమతావాద ధోరణి నచ్చక, మార్చమన్నాడు. ఆమె మార్చలేదు, పియేర్ లెరూ, లూయీ వియార్దోలతో కలిసి 'రెవ్యూ ఏందెపాందాంత్' అనే సొంత పత్రికే స్థాపించి, 'ఒరాస్'నూ, తరవాత 'కోన్సుయెలో'నూ అందులో వేసింది. కుట్టుపనిగారు చెప్పిన సొమ్ము సూత్రం ఇక్కడా వర్తిస్తుంది: సంపాదకుణ్ణి కాదనగల స్తోమత ఆమెకు అప్పటికి వచ్చింది. సుమారు పదిహేడేళ్ళ తరవాత మళ్ళీ బ్యూలోజ్ దగ్గరకే చేరిందనుకోండి. రచయితలకూ సంపాదకులకూ మధ్య అలకలు అలాంటివి.

ఇదే పత్రికల లోకం రచయిత్రులను వెక్కిరించి కూడా అమ్ముకుంది. 1844లో ఓనోరే దోమియే 'ల షారివారి'లో రచయిత్రుల మీద నలభై వ్యంగ్యచిత్రాలు గీశాడు. ఒకదానిలో తల్లి బల్ల ముందు కూర్చుని కాగితాల్లో తలమునకలుగా ఉంటే, వెనక పసిబిడ్డ నీళ్ళ తొట్టిలో తలకిందులుగా పడి ఉంటుంది. తల్లి రచనాగ్నిలో, బిడ్డ తొట్టినీళ్ళలో అని కింద వ్యాఖ్య. దోమియే గీత గొప్పదే, నేనూ అభిమానినే. ఈ బొమ్మ మాత్రం సభలో చూపించి, నవ్విన తరవాత ఏమనిపించిందో మీ సభ్యులను అడగండి.

పాత కంపోజిటర్

అమ్మా, నేను ఫ్రెంచి చదువుకున్నవాణ్ణి కాను. రాయపేటలో ఒక తెలుగు ప్రెస్సులో అచ్చక్షరాల అరల కేసు ముందు నిలబడి చాలా ఏళ్ళు చేతి కంపోజింగు చేసినవాణ్ణి. పైన అందరూ రాసేవాళ్ళ గురించి, డబ్బు పెట్టేవాళ్ళ గురించి చెప్పారు గాని, అక్షరాలు పేర్చినవాళ్ళ మాట రాలేదు. అందుకని 'లా ఫ్రోంద్' గురించి చెప్పాలనిపించింది.

మార్గరీత్ ద్యూరాన్ మొదట నాటక నటి, తరవాత 'ల ఫిగారో' విలేకరి. 1896లో పారిస్‌లో జరిగిన స్త్రీవాద మహాసభ మీద హాస్యంగా ఒక వ్యాసం రాసుకురమ్మని పత్రిక ఆమెను పంపితే, అక్కడి ప్రసంగాలు విని మనసు మారి, ఆ వ్యాసం రాయనని చెప్పింది. మరుసటి ఏడాది 1897 డిసెంబరు 9న సొంత దినపత్రిక 'లా ఫ్రోంద్' పెట్టింది. రాసేవాళ్ళు, సంపాదకులు, విలేకరులే కాక కంపోజిటర్లు కూడా స్త్రీలే. మగ కంపోజిటర్లకు ఎంత కూలో వాళ్ళకూ అంతే ఇచ్చింది. ఆ రోజుల్లో ఫ్రాన్సులో అచ్చుపని కార్మికుల సంఘం ఆడవాళ్ళను దగ్గరకు రానిచ్చేది కాదు. ఆడవాళ్ళు వస్తే యజమానులు తక్కువ కూలికి పెట్టుకుని మగవాళ్ళ పొట్ట కొడతారని వాళ్ళ భయం. భయం పూర్తిగా తప్పని నేననను. కాని సమానమైన కూలి ఇచ్చిన చోట కూడా తలుపు తీయకపోవడం మాత్రం తప్పే. అందుకని ద్యూరాన్ 1899లో స్త్రీ అచ్చుపనివాళ్ళకు వేరే సంఘమే పెట్టించింది.

దానికి మించిన ఇబ్బంది ఇంకొకటి. 1892 చట్టం పరిశ్రమల్లో స్త్రీలు రాత్రిపూట పనిచేయకూడదంది. వాళ్ళ మేలుకే చేశామన్నారు. దినపత్రిక పని ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇందులోని ఇరుకు వెంటనే అర్థమవుతుంది. ఆఖరి వార్త రాత్రి పొద్దుపోయాక వస్తుంది; అప్పుడు అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, పేర్చిన వరుసలను గ్యాలీ పళ్ళెంలోకి ఎక్కించి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, పేజీ కట్టి మిషనుకు దించాలి. తెల్లవారాక చేసేది దినపత్రిక కాదు. కాబట్టి ఆ చట్టం ఆడవాళ్ళను పత్రికాఫీసులో రాయనిచ్చింది గాని, ఎక్కువ కూలి దొరికే రాత్రి పనికి దూరం పెట్టింది. దీనిమీద 'లా ఫ్రోంద్' అధికారులతో పోరాడింది. గూఢచర్యం నేరం అన్యాయంగా మోపబడిన సైనికాధికారి ద్రేఫ్యూస్ మీద 1899లో రెన్ పట్టణంలో రెండోసారి విచారణ జరిగినప్పుడు, పత్రికా రచయిత్రి సెవెరీన్ అక్కడి నుంచి పంపిన వార్తలను కంపోజు చేసినది ఈ స్త్రీలే. 1903 వరకు దినపత్రికగా, తరవాత 1905 వరకు మాసపత్రికగా నడిచి ఆగిపోయింది.

అడయారు పాఠకురాలు

మాస్టారు, కుట్టుపనిగారు, కంపోజిటర్‌గారు, ముగ్గురికీ నమస్కారాలు. సాండ్ ఒక్కరి గురించి కాక, పత్రిక సొంతదారు ఎవరన్న ప్రశ్న చుట్టూ ప్రసంగం అల్లుకుందామని నిశ్చయించుకున్నాను. మగవాళ్ళతో సమానంగా ఒక పెద్ద సాహిత్య పత్రికను స్త్రీ నడిపిన సందర్భం శతాబ్దం ముగిసేలోగా ఏదైనా ఉందా? 'లా ఫ్రోంద్' వార్తాపత్రిక కదా.

కుట్టుపని

ఉంది. జూలియెత్ ఆదామ్ 1879లో 'నువెల్ రెవ్యూ' స్థాపించి, ఇరవై ఏళ్ళపాటు తానే నడిపింది. బ్యూలోజ్ వారసుల చేతిలో ఉన్న 'రెవ్యూ దె దూ మోంద్'కు పోటీగా నిలపాలన్నదే ఆమె ఉద్దేశం. ఫ్లోబేర్ అసంపూర్తిగా వదిలి చనిపోయిన 'బూవార్ ఎ పెక్యుషే' 1880, 81లో మొదట అచ్చయినది అందులోనే. పియేర్ లోతీని పైకి తెచ్చినదీ ఆ పత్రికే. ఆవిడ ఆ స్థాయికి రావడానికి ముందు పడిన పాట్లు కూడా చెప్పండి. 1858లో స్త్రీలను కించపరిచిన సోషలిస్టు రచయిత ప్రూదోన్‌కు జవాబుగా ఆమె పుస్తకం రాస్తే, దాని మీద వచ్చిన హక్కులు చట్టప్రకారం తనవేనని మొదటి భర్త పట్టుపట్టాడు. తరవాత వితంతువై, సంపన్నుడూ గణతంత్రవాదీ అయిన ఎద్మోన్ ఆదామ్‌ను పెళ్ళాడి, ఆయన పోయాక పత్రిక పెట్టింది. భర్త ఉన్నంతకాలం స్త్రీకి సొంత సొమ్ము మీద సంతకం చేసే అధికారం లేని దేశం అది.

మాస్టారు చెప్పిన రాజీ పేర్లకు తోడు, ఇంకొక రకం కూడా మీ ప్రసంగంలో చేర్చవచ్చు. 1900లో 'క్లోదీన్ ఆ లెకోల్' నవల విల్లీ అన్న పేరుతో వచ్చింది. రాసినది కొలెత్, విల్లీ ఆమె భర్త. ఆ వరుసలోని నవలల హక్కులను తరవాత అతను ఆమెకు చెప్పకుండానే అమ్మేశాడు. పెళ్ళైన స్త్రీ తన సంపాదనను తాను వాడుకోవచ్చునన్న చట్టం 1907 జూలై 13న గాని రాలేదు. మీ బృందంలో న్యాయవాదులు ఎవరైనా ఉంటే, 217వ అధికరణం నుంచి ఈ చట్టం దాకా వారితో చెప్పించి, నవలల సంగతి మీరు అందుకుంటే సమయం కూడా కలిసివస్తుంది.